మా అత్తమ్మ నాటిన మోదుగ

మోదుగను ఎవరూ పెంచరు. చింతను పెంచుతారు, మామిడిని పెంచుతారు, వాకిట్లో వేపను పెంచుతారు. మోదుగ అడవిలో దానంతట అది ఉంటుంది, మనం పోయి ఆకు తెంపుకుంటాం, అంతే. అందుకే మా అత్తమ్మ పెరట్లో మోదుగ గింజలు పెడుతోందని తెలిసి మెదక్‌లో మా వాడకట్టంతా నవ్వింది. నేనూ లోలోపల నవ్వాను. అప్పుడు నవ్వినవాళ్ళలో ఇప్పుడు చాలామంది లేరు. చెట్టు మాత్రం ఉంది. మాఘం దాటితే పూస్తుంది, దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు, ఎంత బాగుందమ్మా మీ చెట్టు అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ తప్పేమీ లేదు, అయినా మండుతుంది.

మాది ఇస్తర్లు కుట్టే ఇల్లు. పుస్తకాల్లో విస్తరి అని రాస్తారు, మా నోట ఇస్తరి. మోదుగను మోత్కు అంటాం. కోట గుట్ట కింద రెండు గదుల పెంకుటిల్లు, వెనక చేదబావి, పక్కన బట్టలుతికే బండ, ఆ బండ అవతల ఖాళీ పెరడు. ఇంట్లో ముగ్గురం. భర్త పోయిన మా అత్తమ్మ, ఆమెకు ఒక్కగానొక్క కొడుకైన మా ఆయన, కొత్తగా కాపురానికి వచ్చిన నేను. మా ఆయన కిరాయి బండి మీద నర్సాపూర్ దిక్కు అడవికి పోయి, అక్కడే రెండు మూడు రోజులుండి, ఆకు తెంపి మోపులు కట్టి తెచ్చేవాడు. మేమిద్దరం ఆ ఆకును నీడలో ఆరబెట్టి, బరువైన బండ కింద అణిచిపెట్టి, కుట్టే పూట నీళ్ళు చిలకరించి, సన్నగా చీల్చిన వెదురు పుల్లలతో కుట్టేవాళ్ళం. శివరాత్రికి ఏడుపాయల జాతరలో మా ఇస్తర్లే, చర్చిలో పండుగ భోజనాలకూ మా ఇస్తర్లే. పెళ్ళికీ అదే ఆకు, దినాలకూ అదే ఆకు. ఎవరు ఏ దేవుణ్ణి మొక్కినా మా ఆకులోనే తినేవాళ్ళని మా అత్తమ్మకు కాస్త గర్వం కూడా ఉండేది.

మా ఆయనకు అడవంటే ఇష్టం. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య కూర్చోవడం కన్నా పులి పక్కన కూర్చోవడం నయం అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా అత్తమ్మ చేతిలో ఉన్న వెదురు పుల్లతో ఆయనను పొడిచేది. పొడిపించుకోవడానికే అనేవాడని నాకు తర్వాత అర్థమైంది.

ఆ రోజుల్లో అడవిలో దళాలుండేవి. దొరల మీద తిరగబడ్డవాళ్ళు. మేము వాళ్ళను ఎన్నడూ చూడలేదు. వాళ్ళను పట్టుకోవడానికి అడవి తోవ పొడుగునా తుపాకులవాళ్ళు డేరాలు వేసుకున్నారు. ఒకసారి ఆ తుపాకులవాళ్ళకు అడవి లోపల ఒక బండ పక్కన తిని పారేసిన ఇస్తర్లు కుప్పగా దొరికాయట. తిన్నవాళ్ళు దొరకలేదు కాబట్టి కుట్టినవాళ్ళ మీద పడ్డారు. అడవిలో ఆకలైతే ఎవరైనా నాలుగాకులు కలిపి ముళ్ళు గుచ్చుకుని తింటారు, దానికి మా ఇల్లే కావాలా? కానీ ఆ మాట వినేదెవరు? మోపులతో బండి ఎక్కుతున్న మా ఆయనను దించి, నీ ఇస్తర్లల్ల ఎవలు తింటున్నరో చెప్పమని అడిగారు. తెలియదంటే అరికాళ్ళ మీద కొట్టారు. మోపులు అక్కడే తగలబెట్టారు. బండివాడు ఆయనను పడుకోబెట్టి ఇంటికి తెచ్చాడు.

పాదాలు ఉబ్బిపోయి నల్లబడ్డాయి. దవాఖానలో కట్టు కట్టారు, ఇంట్లో మేము కాపడం పెట్టాం. కుడి పాదం కుదుటపడింది. ఎడమ పాదం పడలేదు. దాన్ని నేల మీద మోపినప్పుడల్లా ఆయన పెదవి కొరుక్కునేవాడు.

అత్తమ్మ ఆ పాదాల దగ్గర కూర్చుని ఒక్కటే మాట అంది. "ఇగ నువ్వు అడివికి పోవద్దు."

"పోకుంటె ఆకు యాడికెళ్ళొస్తది? కోట గుట్ట కాడ నాలుగు చెట్లున్నయి. ఊర్లున్న ఇస్తర్లోళ్ళందరు గా నాలుగింటి మీదనే పడ్డరు, ఈనెలు గూడ మిగుల్త లేవు."

"నేను ఈడనే పెంచుత. పెరట్ల."

నొప్పితో పడుకున్న మనిషి కూడా నవ్వాడు. "మోత్కును పెంచుతవా? రేపు గడ్డి గూడ నాటుతవేమో."

"నాటుత. నువ్వు ఇంట్ల ఉంటనంటె గడ్డి గూడ నాటుత."

ఆ నాటి నుంచి ఆమెకు వేరే ఆలోచన లేదు. చెట్టు కావాలి, కొడుకు గడప దాటకూడదు. అంతే ఆమె కోరింది.

ఎండాకాలం చివర్లో మేమిద్దరం గుట్ట కాడికి పోయి కాయలు ఏరుకొచ్చాం. మోదుగ కాయ పల్చగా, తేలికగా, ఎండిన ఆకులా ఉంటుంది. కొసన ఒకే ఒక్క గింజ. అది చూసి నేను ఆశ్చర్యపోయాను. తాతల నాటి నుంచి మోదుగ మీద బతికిన ఇల్లు మాది, కానీ ఆ గింజను కాయతో పెట్టాలో ఒలిచి పెట్టాలో, నిలువుగా పెట్టాలో పడుకోబెట్టాలో మాలో ఒక్కరికీ తెలియదు. ఎవరిని అడిగినా నవ్వారు. అత్తమ్మ కొన్ని ఒలిచి పెట్టింది, కొన్ని కాయతోనే పెట్టింది. తొలి వానకు పెట్టిన గింజల్లో కొన్నిటిని కోళ్ళు గీరి తిన్నాయి, కొన్ని కుళ్ళాయి, మిగిలినవి మొలిచాయి. మొలిచినవాటికి ముళ్ళకంప చుట్టి, పొద్దున లేవగానే ముందు వాటి మొహం చూసి తర్వాత పొయ్యి అంటించేది.

మా ఆయన కూలికి పోసాగాడు. కుంటుతూ పోయేవాడు, ఇంకా ఎక్కువ కుంటుతూ వచ్చేవాడు. ఆ కాలితో ఎవరు పని ఇస్తారు? ఇచ్చినా ఎన్ని రోజులు? వచ్చి బండ మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ తల్లిని ఆట పట్టించేవాడు.

"అమ్మా, నీ అడివి ఎంత పెరిగింది? పులులు గిట్ల తిరుగుతున్నయా?"

"తిరుగుతున్నయి. ఒకటి బండ మీద కూసున్నది, కుంటిది."

అలా నవ్వుకున్న రోజులు కూడా ఉన్నాయి. లేవని చెబితే అబద్ధమవుతుంది.

మోదుగ నెమ్మదిగా ఎదుగుతుందని మాకు తెలియదు. మొదటి ఏడు జానెడు లేచింది. రెండో వానాకాలానికి మోకాలెత్తుకు వచ్చింది. అప్పుడు అత్తమ్మ చేసిన పని ఇస్తర్లు కుట్టేవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. అడవిలో ఆకు తెంపేవాళ్ళు మోదుగను చెట్టు కానివ్వరు. కొమ్మలు నరికేస్తారు. నరికిన చోట వచ్చే చిగురుకు ఆకు వెడల్పుగా వస్తుంది, నిలబడి చేత్తో అందుకోవచ్చు. ఆమె పుట్టి బుద్ధెరిగాక చూసిన మోదుగలన్నీ అలా నరికిన పొదలే. నరికితేనే మోదుగ బాగుపడుతుందని ఆమె నమ్మకం, నా నమ్మకం, మా ఆయన నమ్మకం కూడా. అందుకే ఒక పొద్దున కొడవలి తెచ్చి మొక్కలన్నిటి తలలూ కోసింది.

"ఇగ సూడు, ఏనుగు చెవులంత ఆకులొస్తయి," అంది నాతో.

అడవిలో ఆ పొదల కింద ఉన్న వేర్లు ఎంత పాతవో, ఎంత లావువో మాకేం తెలుసు? మేము భూమి మీద ఉన్నదాన్ని తెంపుకున్నవాళ్ళమే కానీ కింద ఏముందో చూసినవాళ్ళం కాదు. తల కోసిన మా మొక్కలు చాలా రోజులు ఊరకే నిలబడ్డాయి. తర్వాత పక్క నుంచి పీలగా చిగుళ్ళు వేశాయి. ఆ ఆకులు పసిపిల్లల అరచేతులంత ఉన్నాయి. ఆమె రోజూ వాటిని కొలిచినట్టు చూసేది.

ఇంతలో పోలీస్ యాక్షన్ అయింది. లారీలు వచ్చాయి, జనం రోడ్డు మీదికి పోయి చూశారు, మా వాడకట్టులో బెల్లం పంచారు. ఇక భయం లేదన్నారు. గొడవల్లో ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఏ వీధి చూసినా పందిరే. పొద్దున లేస్తే మా గుమ్మం ముందు ఎవరో ఒకరు నిలబడి ఇస్తర్లు కావాలనేవాళ్ళు. ఇంట్లో జొన్నలు అడుగంటాయి. మా ఆయన ఇక ఆగలేకపోయాడు.

"రాజ్యమే మారింది గదనే అమ్మా. ఇప్పుడెవలు కొడ్తరు?"

"జర ఆగు. పెరట్ల ఆకు తెంపి సూద్దం."

తెంపింది. ఒక్కో మొక్క దగ్గర వంగి, ఒక్కో ఆకు తెంపి కొంగులో వేసుకుంది. ఆరబెట్టింది, బండ కింద పెట్టింది, నీళ్ళు చిలకరించింది. గోడకు ఆనుకుని కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. ఆకులు చిన్నవి కాబట్టి అతుకు మీద అతుకు వేయాల్సి వచ్చింది. మొక్కలన్నిటి ఆకూ కలిపి ఒకే ఒక్క ఇస్తరి అయింది.

మా ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. అత్తమ్మకూ నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళతో నవ్వింది. అందులోనే తనకు బువ్వ పెట్టమన్నాడు. నేను అన్నం, పచ్చిపులుసు పెట్టాను. అన్ని అతుకుల మధ్య నుంచీ పచ్చిపులుసు కారిపోయింది. వట్టి అన్నం తిన్నాడు.

"మంచిగున్నది అమ్మా, నీ ఇస్తరి. గిసొంటివే ఇంకిన్ని కుడుతుండు. గంతల నేను పోయొస్త."

మర్నాడు పొద్దున తాడు, కొడవలి పట్టుకుని బండెక్కాడు. ఎక్కేటప్పుడు ఎడమ కాలు ముందు పెట్టబోయి, తీసి, కుడి కాలు పెట్టాడు. నేను ఆయనను చూడడం అదే కడపటిసారి.

బండివాడు అడవి అంచున ఆయనను దించి వచ్చేశాడు. చెప్పిన రోజుకు మళ్ళీ పోతే మనిషి లేడు, మోపులు లేవు. పిలిచాడు, ఎదురు చూశాడు, తిరిగొచ్చాడు. అక్కడ డేరాలు ఇంకా ఉన్నాయని అప్పుడే మాకు తెలిసింది. పాత తుపాకులవాళ్ళు పోయారు, కొత్త తుపాకులవాళ్ళు వచ్చారు. వెతికేది మాత్రం ఆ దళాలవాళ్ళనే. నేనూ అత్తమ్మా పోయి ఆ డేరాల ముందు కూర్చున్నాం. మాకు తెలియదన్నారు. అడవిలోకి పోయినవాళ్ళ పూచీ మాది కాదన్నారు. చచ్చాడని కూడా ఎవరూ చెప్పలేదు. టేక్మాల్ అంగట్లో కుంటుకుంటూ పోతున్న మనిషిని చూశామని ఎవరో చెబితే అక్కడికీ నడిచిపోయాం. కుంటిమనిషి నిజంగానే ఉన్నాడు. కాళ్ళు నొప్పులున్న ముసలాయన. మమ్మల్ని చూసి జాలిపడి మంచినీళ్ళిచ్చాడు.

ఆ ఎండాకాలం పెరట్లో మొక్కలన్నీ ఎండి పుల్లలయ్యాయి. గీరితే పచ్చి లేదు. అత్తమ్మ ఒక పొద్దున పారతో ఒక్కొక్కటే తవ్వి పీకసాగింది. చచ్చినవాటిని ఉంచి ఏం లాభం అంది. నేను బండ మీద బట్టలు ఉతుకుతున్నాను. ఉన్నట్టుండి ఆమె పార చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే ఆమె చేతిలో ముల్లంగి అంత లావున వేరు ఉంది. విరిగిన చోట తెల్లగా, తడిగా ఉంది. పైన పుల్ల ఎండింది కానీ వేరు బతికే ఉంది. అప్పటికి పీకినవాటిని ఒక్కొక్కటే విరిచి చూసింది. అన్నీ పచ్చిగానే ఉన్నాయి. బండ పక్కన ఉతికిన నీళ్ళు పారే చోట ఒక్క మొక్క మిగిలింది. దాన్ని ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఇస్తర్ల పని ఆగిపోయింది. నేను చర్చి వాళ్ళ హాస్టల్లో వంటకు కుదిరాను. అక్కడ పిల్లలు ఇనుప పళ్ళాల్లో తినేవాళ్ళు. ఆకు మొహం చూడనక్కర లేని పని దొరికినందుకు నాకు హాయిగానే ఉండేది. అత్తమ్మ ఇళ్ళల్లో కారాలు దంచేది. పెరటి మొక్క వానలకు మళ్ళీ చిగిర్చింది. దాని జోలికి మేము పోలేదు. ఆకు తెంపలేదు, తల కోయలేదు, నీళ్ళు కూడా పోయలేదు. దాని మీద ప్రేమ కాదు, దాన్ని చూడాలంటేనే ఇష్టం లేక. ఎవరూ ముట్టకపోయేసరికి అది ఎదిగింది. నా నడుము దాటింది, నన్ను దాటింది, పెరటి గోడ దాటింది. దాని మీద నాకు కోపం వచ్చేది. ఎవరి కోసం పెట్టామో ఆయన ఉన్నన్నాళ్ళూ జానెడు లేవడానికి ఏడ్చింది.

కొన్నేళ్ళకు అత్తమ్మ తమ్ముడు వచ్చాడు. ఇంకెన్నాళ్ళు చూస్తవు, కర్మ చేపిద్దాం, పిల్ల నుదుటి బొట్టు ఎవరి కోసం అన్నాడు. అత్తమ్మ పీట మీద నుంచి లేవకుండానే జవాబు చెప్పింది.

"పీకినంక తెలుస్తది తమ్మీ, వేరు పచ్చిగున్నదని. నేను పీకను."

నేను ఆ రోజు ఆమె కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ఆ ఇంట్లో నాకు ఆమె, ఆమెకు నేను, అంతే మిగిలాం.

అలా పన్నెండేళ్ళు గడిచాయి. మనిషి జాడ తెలియకపోతే పన్నెండేళ్ళు చూసి కర్మ చేస్తారు మా దిక్కు. అత్తమ్మకు ఆయాసం పట్టుకుంది. రెండడుగులు వేస్తే కూర్చునేది. తమ్ముడు ఈసారి పంతులుగారిని వెంటబెట్టుకొచ్చాడు. పంతులుగారు మెత్తటి మనిషి, ఒత్తిడి చేయలేదు. కర్మ కానివాడికి పిండం అందదనీ, ఆకలితో తిరుగుతుంటాడనీ చెప్పాడు. ఆమె అన్నిటికీ గట్టిగా నిలబడ్డ మనిషి, ఆకలి అన్న మాట దగ్గర కూలిపోయింది. వట్టి అన్నం తిని పోయినవాడు కదా.

"ఏం జెయ్యాల్నో చెప్పుండ్రి," అంది.

దేహం లేదు కాబట్టి దేహం చేయాలన్నాడు పంతులుగారు. ఆకులతో మనిషిని కట్టి, ఆ మనిషిని దహనం చేయాలి. తలకిన్ని, మెడకిన్ని, చేతులకిన్ని, కాళ్ళకిన్ని అని లెక్క ఉంటుంది.

"ఏ ఆకు?" అని నేనడిగాను.

"మోదుగే అమ్మా. వేరేది పనికిరాదు. మీ పెరట్లో ఉంది కద, అడివి దాకా పోయే పని లేదు."

ఆయన మంచికే అన్నాడు. నాకు అత్తమ్మ మొహం వైపు చూసే ధైర్యం చాలలేదు.

ఆ వానాకాలం చెట్టు నిండుగా ఉంది. ఆకులు ఒక్కోటి చేటంత. ఆమె ఎప్పుడో ఆశపడ్డ ఆకులే. నేను నిచ్చెన వేసుకుని తెంపి కింద పడేస్తుంటే, ఆమె కూర్చుని ఏరింది. చినిగినవి, పురుగు తిన్నవి పక్కన పెట్టింది, పెళ్ళి ఇస్తర్లకు ఏరినట్టే. పంతులుగారు దర్భలు పరిచి పేర్చబోతే, ఆకు పని మాదేనంది. ఆయన పక్కకు జరిగి లెక్క చెప్పాడు. ఆమె కట్టింది. తల కట్టింది, మెడ కట్టింది, చేతులు కట్టింది. చాతీ మీద ఆకులు అరచేత్తో సర్దింది. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి లెక్క అయిపోయింది, చాలమ్మా అన్నాడు పంతులుగారు. ఆమె ఆగలేదు. ఇంకొన్ని ఆకులు తీసుకుని ఎడమ పాదం కింద మెత్తగా మడిచి పెట్టింది, మళ్ళీ పెట్టింది.

"లెక్కకు మించుతుందమ్మా."

"మించనీ. వాని కాలు నొస్తది."

పంతులుగారు తల దించుకున్నాడు. అత్తమ్మ తమ్ముడు బయటికి పోయాడు.

ఆ ఆకుల మనిషిని అత్తమ్మ తమ్ముడే రెండు చేతుల మీద ఎత్తుకుని ఏడుపాయల దిక్కు బండెక్కాడు. మంజీర ఒడ్డున కాల్చారు. ఆ పూట ఇంట్లో నా గాజులు పగిలాయి, బొట్టు పోయింది. దానికి నేనేడ్వలేదు, ఏడ్చింది అత్తమ్మే. దినాల భోజనాలకు ఇస్తర్లు బజార్లో కొన్నాం. ఎవరో అడవికి పోయి తెచ్చిన ఆకు, ఎవరో కుట్టినవి. మా చెట్టు ఆకంతా మా ఆయనకే సరిపోయింది.

భోజనాలయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. నేను బండ మీద గిన్నెలు తోముతున్నాను. అత్తమ్మ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, బోడిగా నిలబడ్డ చెట్టును చాలాసేపు చూసింది.

"మల్లొస్తయి తియ్యి ఆకులు," అంది.

వచ్చాయి. ఆమె పోయిన తర్వాత కూడా ఏటేటా వస్తున్నాయి. రాలినవి నేనే ఊడుస్తాను.